జానెడు పక్కన

గీతల మాస్టారంటే ఆ గోల్ఫ్ మైదానంలో తెలియనివాళ్ళు లేరు. ఆడేవాళ్ళ స్వింగును, అంటే క్లబ్బు కర్ర పైకెత్తి బంతిని కొట్టే ఊపును, వెనకనుంచి కెమెరాతో తీసి, కంప్యూటర్ తెర మీద దాన్ని నత్తనడక నడిపించి, భుజాల మీద ఒక ఎర్ర గీత, నడుం మీద ఒక పసుపు గీత, క్లబ్బు వెంట ఒక తెల్ల గీత గీసి, "ఇదిగో, ఇక్కడుంది నీ తప్పు" అని చూపించడం ఆయన పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. చేసీ చేసీ, మనిషి ఎదురైతే ముఖం కన్నా ముందు వెన్ను వంపు చూసే అలవాటైపోయింది ఆయనకు. పక్కింటాయన కుంటుకుంటూ వస్తుంటే అయ్యో ఏమైందని అడగడు, బరువంతా కుడికాలి మీద వేస్తున్నావంటాడు. తప్పులు వెతకడమే బతుకుతెరువైనవాడికి, తప్పేమీ లేదని చెప్పి పంపడం మహా కష్టం. ఈ కథ ఆ కష్టం దగ్గరే మొదలైంది.

ఒక మధ్యాహ్నం, మైదానం వైపు తెరిచి ఉండే ఆయన వీడియో షెడ్డుకు వచ్చింది బయటివాళ్ళెవరో కాదు, సొంత అక్క కూతురు. మనిషి చూస్తే ఇంత, కొట్టిన బంతి మాత్రం కంటికి ఆనేది కాదు. అందుకని తోటి ఆటగత్తెలు పిచ్చుక అని పేరు పెట్టారు. ఇంట్లోనూ అదే స్థిరపడింది. రెండేళ్ళ కిందటి వరకూ ఆడవాళ్ళ పెద్ద పోటీల్లో మొదటి ఇరవై మందిలో ఒకతె. తర్వాత ఏ పాడు గాలి సోకిందో, మొదటి రెండు రోజుల వడపోత దాటి మూడో రోజు ఆడటమే గగనమైపోయింది. ఎడమ మణికట్టుకు పట్టీ వచ్చింది. పోయిన ఏడాది చివర పెద్ద పోటీల్లో ఆడే అర్హతే పోయింది. ఇంక నాలుగు రోజుల్లో అర్హత పోటీ. అందులో నెగ్గితే మళ్ళీ లోపలికి, లేదంటే ఇంతే సంగతులు.

పిచ్చుక స్టూలు మీద కూర్చుని మణికట్టు పట్టీ విప్పుకుంటూ అంది: "మామయ్యా, ఇదే చివరిసారి. పాత స్వింగూ ఇప్పటిదీ పక్కపక్కన పెట్టి చూపించు. నేనింకా ఏం తప్పు చేసి చస్తున్నానో చెప్పు."

"చివరిసారేమిటే, వెధవ మాటలు."

"ఈ పోటీ పోతే మానేస్తాను. అమ్మకు చెప్పేశాను కూడా."

"ఏమంది?"

"ఏమంటుంది? తల కూడా ఎత్తలేదు. గుండీ కుడుతూనే, 'మీ మామయ్య చెప్పింది చెప్పినట్టు చేసుంటే నీకీ గతి పట్టేదా' అంది. నిజమే కదా. నా ఒంటికే చెప్పింది ఎక్కదు."

మాస్టారి అక్కకు బట్టలు కుట్టే కొట్టుంది. కూతురు ఎదిగిన పదకొండేళ్ళూ, పోటీ ఉన్న రోజల్లా కొట్టు మూసి, ఆ బరువు సంచీ భుజాన వేసుకుని పచ్చికలో మైళ్ళకు మైళ్ళు వెంట నడిచిన మనిషి. ఏడాదిగా రావడం మానేసింది. కూతురు ఓడిందని కాదు, చెప్పిన మాట వినలేదని. కొలత ఎప్పుడూ తప్పదనీ, కత్తెర పట్టిన చెయ్యే తప్పుతుందనీ ఆవిడ గట్టి నమ్మకం. తమ్ముడి గీతలు ఆవిడ లెక్కలో కొలతలు. అయితే ఆ తమ్ముడికి మేనకోడలంటే ప్రాణమని కూడా ఆవిడకు తెలుసు. పిచ్చుకకు తొమ్మిదేళ్ళప్పుడు కొట్లో ప్లాస్టిక్ క్లబ్బు తిప్పి నిలువుటద్దం పగలగొడితే, "నేనేనక్కా, మోచెయ్యి తగిలింది" అని ఈయన తన నెత్తిన వేసుకున్నాడు. అక్క ఒక్క క్షణం కూడా నమ్మలేదు. ఆ అద్దం ముచ్చట ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లైనా ఎత్తుతుంది.

"నువ్వెళ్ళి ఒళ్ళు వేడెక్కించుకో, నేను పాత వీడియో తీసి పెడతాను," అన్నాడు మాస్టారు. పిచ్చుక క్లబ్బు తీసుకుని బయటికి వెళ్ళింది.

పాత వీడియో దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ రోజు ఆయనకు బాగానే గుర్తుంది. పిచ్చుక ఒక పెద్ద పోటీలో రెండో స్థానం కొట్టి, ఏ కష్టమూ లేకుండానే, ఊరికే ఒకసారి చూడు మామయ్యా అంటూ వచ్చింది. అంతకు ముందు రోజే షెడ్డులో కొత్త పచ్చ కార్పెట్ పరిచారు. ఆయన చూశాడు. చేతులు పైకి వెళ్ళి ఆగినచోట, గురివైపు తిన్నగా చూడాల్సిన క్లబ్బు మూడు వేళ్ళ మేర కుడిపక్కకు చూస్తోంది. దొరికింది కదా అని లోపల ఎంత సంబరపడ్డాడో! "బంతి తిన్నగానే పోతోంది కదా మామయ్యా" అని ఆ పిల్ల అడిగింది కూడా. "బంతికేం తెలుసే, కెమెరాకు తెలుస్తుంది గానీ" అని నోరు మూయించాడు. క్లబ్బును మూడు వేళ్ళు లోపలికి తేవడం మూడు నెలలు సాధన చేసి వచ్చింది. మళ్ళీ వీడియో తీస్తే ఈసారి క్లబ్బు ఎడమపక్కకు చూస్తోంది. "అతి చేశావు, నేను చెప్పిందొకటి, నువ్వు చేసిందొకటి" అని చీవాట్లు పెట్టాడు. అప్పటినుంచి ఇటు కొంచెం, అటు కొంచెం. రెండేళ్ళు. ఆ అటూ ఇటూ మధ్యనే మణికట్టు పోయింది.

వీడియోను స్వింగు పైకొసన ఆపి, తెల్ల గీత గీద్దామని మౌసు జరుపుతుంటే, ఆయన చూపు ఎందుకో కిందికి జారింది. బొమ్మలో అడుగున కార్పెట్ రెండు ముక్కల అతుకు కనబడుతోంది. ఆ అతుకు ఆటగాడి చేతుల కిందుగా గురివైపు తిన్నగా పోవాలని ఆయనే దగ్గరుండి వేయించాడు. కెమెరా సరైన చోట ఉంటే అది బొమ్మలో నిట్టనిలువుగా కనబడాలి. ఇక్కడ పక్కకు ఒరిగి ఉంది.

మాస్టారు తెర దగ్గరికి వంగి మళ్ళీ చూశాడు. ఆ వెనకాలే అంతా గుర్తుకొచ్చింది. కెమెరా స్టాండు పెట్టే చోట నేల మీద ఒక ఎర్ర చుక్క ఉండేది. కొత్త కార్పెట్ కింద ఆ చుక్క మునిగిపోయింది. ఆ ఒక్క రోజు కిటికీ అంచు చూసుకుని, అందాజుగా స్టాండు పెట్టాడు. మర్నాడు దారం కట్టి కొలిచి కొత్త చుక్క పెట్టాడు. మర్నాటి నుంచి అంతా సవ్యమే. నిన్నటి బొమ్మను మళ్ళీ తీయాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

లేచి, మూలనున్న తడిగుడ్డ కర్ర తెచ్చాడు. లైట్లు తగిలించే రెండు స్టాండ్ల మీద, పైకెత్తిన క్లబ్బులాగా తల ఎత్తున, అతుకుకు సరిగ్గా పైన దాన్ని పడుకోబెట్టాడు. చుక్క దగ్గరున్న కెమెరాలోంచి చూస్తే కర్ర చివర ఒక్కటే, గుండీ అంత, గుండ్రంగా కనబడింది. తర్వాత కిటికీ అంచును చూసుకుంటూ, పాత వీడియోలో అతుకు ఒరిగినంత మేరా ఇప్పుడూ ఒరిగేదాకా స్టాండును జరిపాడు. జానెడు జరిగింది. ఇప్పుడు తెర మీద కర్ర పొడుగ్గా సాగి, మూడు వేళ్ళ మేర కుడిపక్కకు చూస్తోంది.

కర్రకు స్వింగేమిటి, తప్పేమిటి!

"ఆ కర్రేమిటి మామయ్యా? దానికీ నేర్పుతున్నావా?" పిచ్చుక గుమ్మంలో నిలబడి నవ్వుతోంది.

"ఊరికే. కెమెరా సరిచూస్తున్నాను," అని నీళ్ళు నమిలాడు మాస్టారు.

ఆ మాటతో సరిపెట్టేయొచ్చు. నాలుగు రోజుల్లో పోటీ పెట్టుకుని, ఇప్పుడీ సంగతి చెబితే ఉన్న కాస్త ధైర్యం కూడా పోతుంది, ఆట అయ్యాక చెబుదాం అని మనసు అప్పుడే సాకులు అల్లడం మొదలుపెట్టింది. ఆ సాకుల్లో పిచ్చుక కోసం ఉన్నదెంత, తన పరువు కోసం ఉన్నదెంత అన్నది ఆయనకు తెలియనిది కాదు.

పిచ్చుక వచ్చి స్టూలు మీద కూలబడింది. "నిన్న రాత్రి పడుకుని లెక్కేసుకున్నాను. నీ టైమెంత తిన్నానో, అమ్మను ఎంత నడిపించానో. ఇంకెవరికైనా నువ్వు ఇంత చెప్పి ఉంటే ఈపాటికి ఎక్కడుండేవాళ్ళో. నామీద నాకే అసహ్యం వేస్తోంది మామయ్యా."

అది వినేసరికి ఇంక ఆగలేకపోయాడు.

"ఇలా రా," అన్నాడు. కెమెరా ముందు నిలబెట్టి కర్రను చూపించాడు. స్టాండు జానెడు జరిపి మళ్ళీ చూపించాడు. తర్వాత పాత వీడియోలో ఒరిగిన అతుకు మీద వేలు పెట్టి చూపించాడు. మాటలు తక్కువే పట్టాయి. "నీ స్వింగులో ఏమీ లేదమ్మా. ఆ రోజు కెమెరా నేను తప్పు చోట పెట్టాను."

పిచ్చుక తెరనూ కర్రనూ మార్చి మార్చి చూసింది.

"బంతి తిన్నగానే పోతోందని ఆ రోజు అడిగాను, గుర్తుందా?"

"గుర్తుంది."

"నువ్వేమన్నావో?"

"అదీ గుర్తుంది."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండును అనుకున్నాడు. ఆ పిల్ల మాత్రం లేచి, క్లబ్బు తీసుకుని, బంతి పెట్టుకుంది. "అయితే పాతది కొడతాను. అప్పుడెలా కొట్టేదాన్నో అలాగే," అంది. కొట్టింది. బంతి కుడికి కోసుకుపోయింది. ఇంకోటి పెట్టింది. అది నేల కరుచుకుంటూ పోయింది. ఆరు బంతులు కొట్టింది, ఆరూ ఆరు దిక్కులకు. ఆరో బంతికి మణికట్టు పట్టుకుని వంగిపోయింది.

"రావట్లేదు మామయ్యా. అప్పుడు నా చేతులు ఎటు పోయేవో నాకు తెలీదు. బంతిని చూసేదాన్ని, కొట్టేదాన్ని. నువ్వు చూపించాక తెలిసింది. ఇప్పుడు తెలిసిపోయినదాన్ని ఏం చెయ్యను?"

ఇరవై రెండేళ్ళలో ఎంతమంది ఎన్ని అడిగినా దేనికో ఒకదానికి గీత గీసి చూపించినవాడే. దీనికి ఏ గీత గీస్తాడు? ఏ ముఖం పెట్టుకుని ఏం చెబుతాడు? క్షమించమని అడగబోయి ఆగిపోయాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

పిచ్చుకే అంది: "నాకొక్కటి చేసి పెట్టు. అమ్మకు చెప్పు. ఆట పోతే పోయింది. నేను మాట విననిదాన్ని కాదని, చేతకానిదాన్ని కాదని, నీ నోటితో అమ్మకు చెప్పు. నాకది చాలు."

"ఇప్పుడే చెబుతాను," అన్నాడు ఆయన. అంత తేలికైన శిక్ష పడినందుకు లోలోపల సిగ్గుపడ్డాడు కూడా.

ఫోను చేసి, పిచ్చుకకు వినబడేలా స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. అవతల కుట్టుమిషను చప్పుడు.

"ఏం తేలింది తమ్ముడూ?"

"తప్పు నాదక్కా," అన్నాడు. ఆగితే మళ్ళీ నోరు రాదేమోనని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. "రెండేళ్ళ కిందట కెమెరా జానెడు పక్కన పెట్టి తీశాను. దాని స్వింగులో ఏ లోపమూ లేదు. లేని తప్పు ఉందని చెప్పి దాని ఆట నేనే చెడగొట్టాను. అది మాట వినకపోవడం కాదు. విన్నందుకే చెడిపోయింది."

మిషను ఆగింది. పిచ్చుక రెండు చేతులూ బల్ల మీద ఆనించి ఫోను మీదికి వంగింది.

అవతలనుంచి చిన్న నవ్వు వినబడింది. "అది ఏడుస్తోందా అక్కడ?"

"లేదక్కా. నేను నిజంగానే..."

"ఊరుకోరా, నాకు తెలీదూ! అద్దం పగిలిన రోజు కూడా ఇలాగే, గొంతు కూడా ఇంతే చేసి చెప్పావు. దాన్ని వెనకేసుకురావడంలో నీ తర్వాతే ఎవరైనా. నా టేపు తప్పు చెప్పిందంటే నమ్ముతాను గానీ, నీ కొలత తప్పిందంటే నమ్మమంటావా? సర్లే, నేనింక దాన్నేమీ అననులే. పోటీ అయ్యేదాకా అననుగాక అనను. ఇద్దరూ భోజనానికి వచ్చేయండి."

"అక్కా, ఒక్క మాట విను, వీడియో చూపిస్తాను..."

"నాకేం తెలుస్తాయి ఆ గీతలూ అవీ? నువ్వు చూశావంటే చాలదూ!" మళ్ళీ మిషను చప్పుడు, ఆ వెనకే ఫోను పెట్టేసిన చప్పుడు.

మాస్టారు మళ్ళీ నంబరు నొక్కబోయాడు. పిచ్చుక ఆయన చేతిలోంచి ఫోను తీసి పక్కన పెట్టింది. "వద్దులే మామయ్యా. ఎంత చెబితే నిన్ను అంత మంచివాడనుకుంటుంది," అంది. గొంతులో కోపం లేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

స్టాండ్ల మీదినుంచి కర్ర దించి, తెచ్చినచోటే మూలన నిలబెట్టింది. కార్పెట్ మీద మిగిలిన బంతులు ఏరి బుట్టలో వేసింది. తర్వాత పట్టీ తీసుకుని మణికట్టుకు చుట్టుకోబోయింది, కాని ఒంటిచేత్తో బిగువు కుదరలేదు. వచ్చి ఆయన ముందు కూర్చుని చెయ్యి చాపింది. మాస్టారు తల వంచుకుని, ఒక్కో చుట్టూ మెల్లగా వేస్తూ, చివర అంటించి, "సరిగ్గా ఉందా?" అని అడిగాడు.

"నువ్వే చూసి చెప్పు మామయ్యా," అంది పిచ్చుక, అలవాటు కొద్దీ.