ఆలివ్ నూనె, రెండు గుండెలు

కడాయిలో నూనె కాగింది. శనగపిండిలో ముంచిన మిరపకాయలను జమున ఒక్కొక్కటిగా వదులుతుంటే అవి చుయ్యిమంటూ పైకి తేలుతున్నాయి. పక్కనే నిలబడిన కౌసల్య ఆలివ్ నూనె డబ్బాను వంచి మరికాస్త పోసింది.

"సాలమ్మా, మునుగుతానయి గదా" అంది జమున.

"పోయనియ్యి. గిది మామూలు నూనె గాదు. గుండెకు మంచిది. పటేలు ఎన్ని తిన్నా ఏం గాదు."

జనగామలోని ఆ ఇల్లు కౌసల్య భర్త జగపతిది; అందరూ పటేలు అనేది ఆయననే. దేవరుప్పుల దగ్గర ఇరవై ఎకరాల సేద్యం ఉన్నవాడు, ఒకప్పుడు మండల రాజకీయాల్లో పేరున్నవాడు. యాభై ఎనిమిదేళ్లు. ఆరు నెలల కిందట ఒక పరీక్షలో ఆయనకు బీపీ, రక్తంలో కొవ్వు రెండూ ఎక్కువగా ఉన్నాయని తేలింది; మందు గోలీలు రాశారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కూతురు రిషిత వచ్చి, "నూనె మార్చండి, తక్కువ వాడండి, గోలీలు మాత్రం మానొద్దు" అని చెప్పి, ఒక ఆలివ్ నూనె డబ్బా ఇచ్చి వెళ్లింది. ఆమె చెప్పిన మూడు మాటల్లో మొదటిది మాత్రమే ఆ ఇంట్లో నిలిచింది.

నూనె మారింది. అప్పటినుంచి పప్పులో తాలింపుకు ఆలివ్ నూనె, వంకాయ కూరకు ఆలివ్ నూనె, గారెలకూ మిర్చీలకూ ఆలివ్ నూనె. మునుపు పదిహేను రోజులకోసారి వండే, నూనెలో గోలించిన తిండి ఇప్పుడు వారానికి మూడుసార్లు అయింది. ఎందుకంటే ఇప్పుడు భయం లేదు. ఖరీదైన నూనె వాడుతున్నాం కదా అన్న ధైర్యం ఆ ఇంటిని ఆవరించింది. మూడో నెలలో జగపతి గోలీలు కూడా మానేశాడు.

మిర్చీలు అయిపోయాక కౌసల్య కడాయిలో మిగిలిన నూనెను బట్టతో వడగట్టింది. వరండాలో కూర్చున్న భర్తకు వినిపించేలా, "ఒకసారి మరిగిన నూనె మళ్ల పొయ్యి మీద పెట్టొద్దట. గుండెకు చెడుపట. రిషిత చెప్పింది" అంది. ఆ వెంటనే ఆ నూనెను ఒక సీసాలో పోసి జమున చేతికి ఇచ్చింది.

"ఇగో, నువ్వు తీస్కపో. పారబోసుడెందుకు? మస్తు పిరం నూనె, మీకాడ దొరకది."

జమున రెండు చేతులా అందుకుంది.

పాఠకులారా, ఒక ఊపిరిలో వచ్చిన ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూడండి. కౌసల్య చెడ్డ మనిషి కాదు. జమున పిల్లలకు జ్వరం వస్తే తన ఇంట్లోని మందులు ఇచ్చి పంపుతుంది, పండుగకు కొత్త చీర పెడుతుంది. పదేళ్లుగా రోజూ లంబాడా తండా నుంచి ఆటోలో వచ్చి వంట చేసి పోయే ఆ మనిషిపై ఆమెకు ప్రేమే ఉంది. అయినా ఆ రెండు మాటలకూ మధ్య ఉన్న అగాధం ఆమె కంటికి కనిపించలేదు. మనలో ఎంతమందికి కనిపిస్తోంది?

ఆ మధ్యాహ్నమే జగపతికి ఛాతీలో బరువుగా అనిపించింది. ఏడు మిర్చీలు తిని, మంచంమీద ఒరిగినవాడు లేచి కూర్చున్నాడు. బనీను చెమటతో తడిసిపోయింది.

"కౌసల్యా, గిట్ల రా జర. ఏందో పరేషాన్‌గ ఉంది."

కౌసల్య వచ్చి భర్తను ఒరిగిపోకుండా పట్టుకుంది. జమునే బయటికి పరుగెత్తి ఆటోను ఆపింది. దవాఖాన మెట్ల దగ్గర ఆ భారీ మనిషిని భుజంమీద మోస్తున్నట్టుగా పట్టుకుని పైకి ఎక్కించింది. ఆయనను మంచంమీద పడుకోబెట్టాక ఆమె గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. ఊపిరి అందడం లేదు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి ఎనభై ఏళ్ల మనిషిలా రొప్పుతోంది. ఒక నర్సు అది గమనించి ఆమె చేతికి కూడా బీపీ పట్టీ చుట్టింది.

అక్కడి గుండె డాక్టరు మంగీలాల్‌ది బయ్యారం దగ్గర ఒక తండా. నలభై ఏళ్ల వయసు, తక్కువ మాటల మనిషి. జగపతికి ఈసీజీ తీశాడు, రక్తం పరీక్ష చేయించాడు. గుండెపోటు కాదని తేలింది. బీపీ మాత్రం రెండువందలు దాటి ఉంది.

"గోలీలు ఏస్కుంటున్నవా బాపూ?"

"బంద్ పెట్టిన సాబ్. నూనె మార్చినం గదా. ఇగ గోలీలెందుకని..."

డాక్టరు మందు ఇచ్చి, బీపీ దిగేదాకా కనిపెట్టి ఉండి, తర్వాత ఆయనను ఎకో గదిలోకి తీసుకువెళ్లాడు. ఛాతీమీద చల్లని జిగురు రాసి, చేతిలోని పరికరాన్ని పక్కటెముకల మధ్య ఆనించి, తెరను ఆయన వైపు తిప్పాడు.

"చూడు బాపూ. గిదే నీ గుండె."

జగపతి తల తిప్పాడు.

నల్లని తెరమీద బూడిదరంగు వెలుగులో ఏదో కదులుతోంది. మొదట ఏమీ అర్థం కాలేదు. కాసేపటికి గోడలు కనిపించాయి. అవి ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. వాటి మధ్య తడి కాగితమంత పల్చని రెండు తలుపులు తెరుచుకుంటూ, మూసుకుంటూ, మళ్లీ తెరుచుకుంటూ ఉన్నాయి. డాక్టరు ఒక మీట నొక్కగానే గదిలో ఒక చప్పుడు నిండింది. బోరుబావి పైపులోకి నీళ్లు తన్నుకొచ్చేటప్పుడు వినిపించేలాంటి చప్పుడు.

"గది నాదేనా?" అన్నాడు జగపతి.

"నీదే. గా తలుపులు దినాం లక్షసార్లు తెరుచుకుంటయి. నువ్వు తల్లి కడుపుల ఉన్నప్పుడు షురువైంది. ఇప్పటిదాక ఒక్కపూట ఆగలే."

జగపతి రెప్ప వేయకుండా చూస్తూ ఉండిపోయాడు.

"బాయికాడి మోటరు ఏడేండ్లల్ల మూడుసార్లు కాలింది సాబ్" అన్నాడు చివరికి, మెల్లగా. "దానికి రిపేరు జేయించిన, డబ్బా కట్టించిన, వాన పడితే తాటిపత్రి కప్పిన. గిది యాభై ఎనిమిదేండ్లు నడుస్తుంటే ఒక్కనాడు తలుసుకోలే."

ఆయన కంటి కొసన నీరు నిలిచింది. అది భయం కాదు. గర్భగుడిలో దీపం వెలుగుకు మొదటిసారి మూలవిరాట్టును చూసిన మనిషికి కలిగేది అది.

"ఇగో, గీ గోడ జర మందమైంది" అంటూ డాక్టరు చూపించాడు. "బీపీ ఎక్కువుంటే గుండె ఎక్కువ జోరుతోని తొయ్యాలె. తోసి తోసి గిట్లయితది. ఇప్పుడే సూసుకుంటే నిలబడతది."

జగపతిని వార్డులోకి పంపాక నర్సు వచ్చి డాక్టరు చెవిలో ఏదో చెప్పింది. ఆయన బయటికి వచ్చి గోడవారన కూర్చున్న జమునను చూశాడు. ఆమె బీపీ నూటఎనభై.

"నాకేం గాలే సారూ, పటేలును సూడుండ్రి" అంటూ ఆమె లేవబోయింది. డాక్టరు వినలేదు. తోడుగా కౌసల్యను కూడా లోపలికి రమ్మన్నాడు. జమున పడుకుంటే నర్సు దుప్పటి సర్ది పక్కన నిలబడింది. కౌసల్య ఆమె చెయ్యి పట్టుకుంది.

మళ్లీ తెర వెలిగింది.

కౌసల్య భర్త గుండెను ఇంతకుముందే తలుపు దగ్గర నిలబడి చూసింది. ఇప్పుడు జమున గుండెను చూస్తోంది. అవే గోడలు. తడి కాగితమంత పల్చని అవే తలుపులు. నీళ్లు తన్నుకొచ్చే అదే చప్పుడు. ఇది పటేలుది, ఇది పనిమనిషిది అని చెప్పే గుర్తు ఎక్కడైనా ఉందేమోనని ఆమె కళ్లు తెలియకుండానే వెతికాయి. ఎక్కడా లేదు. ఎవరూ చెప్పకపోతే ఏ గుండె ఎవరిదో ఆమె పోల్చుకోలేకపోయేది.

తానూ జమునా పదేళ్లు ఒకే పొయ్యి ముందు పక్కపక్కన నిలబడ్డారు. ఈ తలుపులు తన పక్కనే ఇలా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

"నీకు సుత గోడ మందమైతున్నది బాయీ" అన్నాడు డాక్టరు, తండాలో అక్కచెల్లెళ్లను పిలిచినట్టే. "ఇంట్ల ఏం నూనె వాడతరు?"

జమున కౌసల్య వైపు ఒకసారి చూసి, తల దించుకుని, తండా భాషలో జవాబు చెప్పింది. డాక్టరు పరికరాన్ని పక్కన పెట్టేశాడు.

"ఏమన్నది సారూ?" అని అడిగింది కౌసల్య.

"నువ్వే అడుగమ్మా."

జమునే తెలుగులో మెల్లగా చెప్పింది. "అమ్మ ఇచ్చే నూనెనే సారూ. మిర్చీలు, గారెలు గోలిచ్చినంక మిగిలింది. అయిపోయేదాక దాంట్లనే కూర, దాంట్లనే పూరీలు. మా అత్త సుక్కికి సుత గదే. మంచిగనే ఉంటది."

పొద్దున వంటింట్లో తాను అన్న మాట కౌసల్యకు తన గొంతుతోనే మళ్లీ వినిపించింది. గుండెకు చెడుపట.

"సారూ" అంది. "నేనిచ్చిన నూనెతోనే గిట్లయిందా?"

"గట్ల చెప్పలేనమ్మా. బీపీకి ఉప్పు ఉంటది, రంది, చింత ఉంటది, పుట్టుకతోని వచ్చేది ఉంటది. ఒక్క నూనె మీద నేరం వెయ్యొద్దు. గని మాటిమాటికి మరిగిన నూనె ఏ గుండెకూ మేలు చెయ్యది. అది మాత్రం ఖాయం."

"మరి ఆలివ్ నూనె దినాం వాడొద్దా?"

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన ఆ రోజు అంతసేపు మాట్లాడింది అప్పుడొక్కసారే.

"వాడొచ్చమ్మా. మంచి నూనెనే. పామాయిలుకు బదులు వాడితే గుండెకు మేలే. దినాం కూరలకు, తాలింపుకు సన్నమంట మీద వాడినా తప్పు లేదు. గని అది నూనె, మందు గాదు. ఏ నూనెలనైనా కొవ్వు అంతే ఉంటది. మనిషికి దినానికి నాలుగు చిన్న చెంచాలు, అన్ని వంటలల్ల కలిపి. మీరు కడాయి నిండ పోసి మిర్చీలు గోలిస్తే అది ఆలివ్ అయితేంది, ఇంకోటయితేంది? దాంట్ల ఉన్న గుణం సగం ఆ మంటలనే పోతది. అది కొనే తాకత్ లేనోళ్లు బాధపడే పని లేదు. మన పల్లీ నూనె, నువ్వుల నూనె మంచియే. మార్చి మార్చి, కొలిచి వాడుకుంటే సాలు. ఇగ గోలీ పని గోలీదే. ఏ నూనె ఆ పని చెయ్యది."

ఇద్దరికీ మందులు రాసిచ్చాడు. ఇద్దరి చీటీల మీదా ఒకే గోలీ పేరు ఉంది.

రెండు రోజుల తర్వాత జగపతి ఇంటికి వచ్చాడు. మర్నాడు పొద్దున జమున పనిలోకి వచ్చేసరికి కౌసల్య వంటింట్లో పీట వేసుకుని కూర్చుని ఉంది. పొయ్యి ఇంకా వెలిగించలేదు.

"కూసో జమునా."

జమున సంకోచిస్తూ గడప దగ్గర కూర్చుంది.

"నేను తప్పు జేసిన. తెల్వక జేసింది గాదు. తెలిసే ఇచ్చిన. మా ఇంట్లోళ్లకు వద్దనుకున్నదే నీ పిల్లలకు పంపిన. పైంగ మంచి పని చేస్తున్న అనుకున్న."

జమున చీర కొంగును వేళ్లకు చుట్టుకుంటూ అంది, "నాకూ ఎర్కేనమ్మా. ఆ నూనెతోని వండితే గొంతుల మండేది. చిన్నోడు కడుపునొస్తుందనేటోడు. వద్దంటే అమ్మ ఏమనుకుంటదో అని తీస్కపోయిన."

కౌసల్యకు డాక్టరు మాట కన్నా ఈ మాట లోతుగా దిగింది. తాను ఇస్తూ పోయినన్నాళ్లూ ఆ మనిషి 'వద్దు' అనే మాటను మింగుతూ పోయింది.

"ఇగమీద వద్దనిపిస్తే వద్దను" అంది, లేచి ఆమె భుజంమీద చెయ్యి వేసి. "నాకు కోపమొచ్చినా సరే, అను."

ఆ వారమే దేవరుప్పుల చేను నుంచి వచ్చిన పల్లీలను గానుగ ఆడించారు. ఆ తాజా నూనెలో జమున ఇంటికి కావలసినంత ముందుగా తీసి పెట్టాకే మిగతాది ఆ ఇంట్లో వాడారు. ఆలివ్ నూనె పోలేదు. అది కూడా చెంచా లెక్కన కూరల్లోకి వస్తోంది. గోలించిన తిండి పండుగలకే పరిమితమైంది. జగపతి పొద్దున్నే నడుస్తున్నాడు. నడుస్తూ నడుస్తూ ఒక్కోసారి ఆగి, అరచేతిని ఛాతీమీద పెట్టుకుని, ఆ చప్పుడు వింటూ నిలబడిపోతాడు. దారిన పోయేవాళ్లు ఏమైందని అడిగితే, "ఏం గాలే. పని జేస్తాంది" అని నవ్వుతాడు.

రెండు నెలలకు ఇద్దరి బీపీ అదుపులోకి వచ్చింది. డాక్టరు మంగీలాల్ ఒక ఆదివారం జమున వాళ్ల తండాకు వచ్చి అందరికీ బీపీ చూశాడు. తమకు బీపీ ఉన్నట్టే తెలియనివాళ్లు పదకొండు మంది బయటపడ్డారు. అందులో జమున అత్త సుక్కి ఒకతె. ఆ రోజు కుర్చీలు వేయించింది జగపతి, పేర్లు రాసింది కౌసల్య.

ఈ సంగతి వాడలో అందరికీ తెలిసింది. ఒకనాటి సాయంత్రం నలుగురు ఆడవాళ్లు కౌసల్య ఇంటి అరుగుమీద చేరి, "వదినా, దినాం ఆలివ్ నూనెతోని వండితే మంచిదేనా? జర చెప్పరాదు" అని అడిగారు.

పక్కనే జమున చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కౌసల్య ఆమె వైపు చూసి, తర్వాత వాళ్ల వైపు తిరిగింది.

"మంచిదే. చెంచాతోని కొలిచి పోసుకుంటే మంచిదే, గోలీ మానకుంటే మంచిదే. పల్లీ నూనె అయినా అంతే. గని నేను దవాఖానల రెండు గుండెలు సూసిన అక్కా, ఒకటి మా ఇంటాయనది, ఒకటి గీ జమునది. రెంటికి ఫరక్ దొరకలే. ఏ నూనె కొన్నా కొనుండ్రి, ఒక్కటి యాదికుంచుకోండ్రి: మన గుండెకు పనికిరాని నూనె ఏ గుండెకూ పనికిరాదు."