విప్పిన అంచు

పొయ్యిగట్టు తుడిచి వచ్చేసరికి నా బుట్ట అంచు మళ్ళీ విప్పేసి ఉంది. అత్తయ్య పనే. ఏమీ ఎరగనట్టు గోడవైపు తిరిగి పడుకుంది. నేను శిక్షణలో చేరిన రోజే, "కోడల్ని బుట్టలల్లడానికి పంపుతున్నారా అని నలుగురూ అడిగితే తలెక్కడ పెట్టుకోను?" అంది. మా ఆయన మాత్రం, "ఇంటిపని ఆగకుండా ఏం చేసుకుంటావో చేసుకో" అన్నాడు, వరమిచ్చినవాడిలా.

మా సంఘం పాత గోడౌను మేడమీద. చదువు లేనివాళ్ళు, మొగుళ్ళు వదిలేసినవాళ్ళు, నాలాగా ఇంట్లో నోరెత్తలేనివాళ్ళు అక్కడ గడ్డిబుట్టలు అల్లడం నేర్చుకుంటారు. అక్కడ ధర కొనేవాళ్ళొక్కరే చెప్పరు, అల్లినవాళ్ళనీ అడుగుతారు. "నీ పనికి ఎంతైతే న్యాయం?" అని మొదటిసారి అడిగినప్పుడు నా వెనకెవరినో అనుకుని తిరిగి చూశాను. నా పని గురించి అంతకుముందు ఎవరైనా అడిగితేగా!

విప్పిన అంచు చూసి విసుగొచ్చి బుట్టను సంచిలో పడేసి పడుకున్నాను. మర్నాడు సంఘంలో తీసి చూస్తే, అంచు మొత్తం అల్లేసి ఉంది.

"ఇది నీ చెయ్యి కాదే!" అంది టీచరమ్మ. "ఎవరిది? ఇంత బిగువు నాకే రాదు."

నాదేనంటే సరిపోయేది. ఆ మాట నాలుకదాకా వచ్చింది కూడా. కానీ నాకు పొగడ్త కంటే కుతూహలం ఎక్కువైంది. ఎవరు, ఎందుకు? మధ్యాహ్నమే ఇంటికొచ్చి కిటికీలోంచి తొంగిచూశాను. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని, నా ఇంకో బుట్ట ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో పోచా లాగి, అదెటు పోయిందో చూసి మళ్ళీ దూరుస్తోంది. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెట్టుకుంటోందేమో.

నన్ను చూసి ఉలిక్కిపడింది. "పాడుచేస్తున్నాననుకున్నావా? విప్పితేనే కదే తెలిసేది!"

"నేర్పమని ఒక్కమాట అనొచ్చుగా అత్తయ్యా."

"ఈ వయసులోనా? నవ్విపోరూ!" కాసేపు అంచు నిమిరింది. "నలభై ఏళ్ళు ఇంటిచాకిరీ చేశానే. వండింది తినేశారు, ఉతికింది మాసిపోయింది. ఇది చూడు, రేపటికీ ఇలాగే ఉంటుంది."

నన్ను చూసి కుళ్ళుకుంటోందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం సంఘానికని చెప్పులేసుకుంటుంటే మా ఆయన గుమ్మంలోకి వచ్చాడు. "ఇద్దరూ వెళ్తే ఇంటిపని ఎవరు చేస్తారు?"

ఏం చేస్తాడో చూడాలని నాకూ ఉంది. అత్తయ్యకు అసలు వినబడిందో లేదో, అప్పటికే వీధిలోకి దిగింది.

"అవునే, బుట్టకి మూత అల్లడం ఎక్కడ మొదలుపెడతారు?" అంది.