ఎర్ర కూలెంట్‌లో ఆకుపచ్చది

కారు ఇంజను బిగించి షెడ్డులో సొంతంగా కట్టుకున్న విమానానికి, ఇంజను వేడెక్కకుండా ఏ కూలెంట్ పోయాలా అని నెవిల్ చలికాలమంతా నలుగురి బుర్రలూ తిన్నాడు. చివరికి ఎర్రదే ఖాయం చేశాడు. ఆ గోల విని విని విసిగిపోయిన భార్య గ్లెనిస్‌కి ఏ రంగైనా ఒకటే. నిన్న సాయంత్రం మట్టం తగ్గిందని, తమ సరుకుల బండి యూట్‌కి వాడే ఆకుపచ్చది నిండా పోసేసింది. ఆస్ట్రేలియాలోని ఈ మల్లీ ప్రాంతపు గోధుమ పొలాల్లో ట్రాక్టరుకీ పంపుకీ బండికీ అందరూ ఆ డబ్బానే ఎత్తుతారు. ఒక్క మాట అడిగి పోస్తే ఏం పోయేదో! పోసిన సంగతి చెప్పడం కూడా మరిచిపోయింది.

ఇప్పుడు నెవిల్ పైన ఎగురుతున్నాడు. గ్లెనిస్ షెడ్డు ముందు చేతిరేడియో పట్టుకుని నిలబడింది. బొత్తాం నొక్కితే తన మాట, వదిలితే అతని మాట.

"వేడి ముల్లు ఎక్కుతోందోయ్," అన్నాడు నెవిల్. "పోయిన వారంలాగే మీటరు నాటకాలాడుతోంది. నది దాకా వెళ్లొస్తా."

ఆమె చూపు కూలెంట్ పోసిన గరాటు మీద పడింది. మొన్నటి ఎరుపూ నిన్నటి ఆకుపచ్చా కలిసి, అడుగున గంజిలా గడ్డకట్టి ఉన్నాయి. రెండూ కలపకూడదని అతను ఎన్నిసార్లు అన్నాడో అప్పుడు గుర్తొచ్చింది. మీటరు నిజమే చెబుతోంది.

"నెవిల్, వెనక్కొచ్చెయ్. మీటరు బాగానే ఉంది. నేనే యూట్‌ది పోశాను, ఆకుపచ్చది. లోపల గడ్డకట్టి ఉంటుంది. తర్వాత తిట్టుకుందువుగాని, ముందు దిగు. వింటున్నావా?"

రేడియోని ఇంకా గట్టిగా పట్టుకుని చెవికి ఆనించుకుంది.

"ఏదో ఒకటి అనవయ్యా."

రేడియోలో చిన్న గరగర కూడా లేదు. ఇంజను బిగుసుకుపోయిందనుకుంది. ఏ పొలంలో పడ్డాడో, ఎవర్ని పిలవాలో తోచలేదు. చేతులారా చంపుకున్నానని ఏడుపు తన్నుకొచ్చింది.

గోధుమ గాదెల మీదుగా ఇంజను చప్పుడు వినిపించింది. ముక్కు కింద ఆవిరి కక్కుతూ విమానం కిందికి వాలింది, గడ్డి మీద రెండుసార్లు ఎగిరిపడి ఆగింది.

నెవిల్ దిగి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. తిట్టలేదు. ఆమె పిడికిట్లోంచి రేడియో తీసుకోబోయాడు, అది రాలేదు.

"వస్తున్నా వస్తున్నా అని ఎంతసేపు అరిచాననుకున్నావ్," అన్నాడు. "నువ్వు బొత్తాం వదిలితేగా."

ఆమె బొటనవేలు ఇంకా దాన్ని నొక్కే ఉంది. అతనే మెల్లగా విడదీశాడు.