రెనీ పేరులో ఒక అక్షరం

సీతాఫల్‌మండిలో సమాధి రాళ్లు చేసే దేవసహాయం దుకాణంలో కంప్యూటర్ పని రజితది. ఆమె తెర మీద ఏ అక్షరాలు పెడితే, మిషన్ అవే గ్రానైట్ మీద చెక్కుతుంది.

లాలాగూడలో ఉండే రిటైర్డ్ టీచర్ మేబెల్, చనిపోయిన చెల్లెలి సమాధి మీద పరిచే రాయి కోసం ఈమెయిల్లో ఫైలు పంపింది. చెల్లెలి పేరు రెనీ. ఫ్రెంచి పేరు కాబట్టి రాసేటప్పుడు ఒక e మీద చిన్న ఏటవాలు గీత రావాలి. దుకాణంలోని పాత విండోస్‌లో తెరిస్తే ఆ ఒక్క అక్షరం రెండయింది: నెత్తిన వంకర గీతతో పెద్ద A, దాని పక్కన సున్నాలో ఇరుక్కున్న c. రజితకు అనుమానం వచ్చింది. అడిగితే ఇంగ్లిషు రాదనుకుంటారని ఊరుకుంది. మిషన్ ఉన్నదున్నట్టు చెక్కేసింది.

శనివారం మేబెల్ వచ్చి రాయి చూసింది.

"ఇదేంది బిడ్డా? ఇది మా రెనీ పేరు కాదు."

దేవసహాయం రజిత వైపు చూశాడు.

"మీ ఫైల్లనే గిట్ల ఉంది మేడం," అంది రజిత.

మేబెల్ ముఖం చిన్నబోయింది. "నేనే తప్పు కొట్టిన్నేమో. కండ్లు సరిగ కనిపిస్తలేవు. నీకు తక్లీఫ్ ఇచ్చిన, ఏమనుకోకు."

ఆమె వెళ్లాక రజిత అదే ఫైలును తన ఫోన్లో తెరిచింది. గీత సరిగ్గానే ఉంది. ఫైలు ఆపిల్ కంప్యూటర్లో ఒక కోడ్‌తో తయారైంది, పాత విండోస్ దాన్ని ఇంకో కోడ్‌గా చదివింది. ఆ సెట్టింగు మార్చగానే అక్షరం సరిగ్గా వచ్చింది. నిమిషం పట్టలేదు. పెద్దావిడ చేత క్షమాపణ చెప్పించుకుంది తను.

దేవసహాయానికి చెప్పింది. ఆయన తిట్టలేదు. "రాయి తిరగేసి వెనక చెక్కుదాం. తప్పు కిందికి పోతది. ఎవలకు కనిపిస్తది?"

సాయంత్రం రజిత లాలాగూడ వెళ్లింది. గుమ్మంలోనే చెప్పేసింది.

"మేడం, మీ ఫైలు మంచిగనే ఉండె. తప్పు నాది. అబద్ధం చెప్పిన."

మేబెల్ తలుపు పట్టుకునే అడిగింది. "ఒక్క ఫోన్ చేస్తే ఏమైతుండె?"

"నాకు రాదనుకుంటరని... సిగ్గయింది మేడం."

రాయి తిరగేసే మాట కూడా చెప్పింది. మేబెల్ కళ్లజోడు తీసింది.

"కిందుండేది రెనీయే కద బిడ్డా. తప్పు పేరు ఆమె దిక్కు పెడతరా?"

రజిత దుకాణానికి వెళ్లి దేవసహాయానికి ఆ మాటే చెప్పింది.

సోమవారం తప్పు పేరును గ్రైండర్‌తో అరగదీశారు. పనివాడు వద్దంటున్నా దుమ్ము లేవకుండా రజితే నీళ్ల పైపు పట్టుకుని, రాయి నున్నగా అయ్యేదాకా నిలబడింది. కొత్త అక్షరాలను కాగితం మీద ప్రింటు తీసి, మేబెల్ సరేనన్నాకే మిషన్‌కు ఇచ్చింది.

రాయి తీసుకెళ్లే రోజు మేబెల్ బాగుందని దేవసహాయంతో చెప్పింది. రజితతో ఏమీ అనలేదు. రజిత కూడా కంప్యూటర్ వెనక నుంచి లేవలేకపోయింది.