గ్రిస్‌గిల్ మంద

మా నాన్న అమోస్‌కు పేరు పిచ్చి. గ్రిస్‌గిల్ అనే ఇంటిపేరు ఇంగ్లండు మొత్తంలో మా ఒక్క కొంపకే ఉంది. పూర్వం ఈ దేశాన్ని గెలవడానికొచ్చిన రాజుగారితో పడవ దిగిన వీరుడెవడో ఆ పేరు తెచ్చాడట. నేనేమో ఒక్కగానొక్క కూతురిని. విల్ఫ్‌ను చేసుకుంటానన్న రోజున ఆయన టీ తాగడం ఆపేసి, "సరే, పేరు నాతోపాటే గోతిలోకి పోతుంది" అన్నాడు.

"పోనివ్వను నాన్నా. విల్ఫే మన పేరు పెట్టుకుంటాడు. అతనికి ఇష్టమే."

"ట్రాక్టర్లు బాగుచేసేవాడికి మన పేరా? అదేమన్నా చొక్కానా, ఎవడు పడితే వాడు తొడుక్కోవడానికి?"

నాకు వచ్చిందీ ఆయన మొండితనమే. అసలీ పేరు ఎక్కడ పుట్టిందో తేల్చుకుందామని ఆయన మేనత్త డైనా దగ్గరికి వెళ్లాను. తొంభై దాటినా నోటి పదును తగ్గని మనిషి.

"వీరుడా?" అని అవ్వ పడీపడీ నవ్వింది. "గ్రిస్ అంటే పాత మాటలో పంది. గిల్ అంటే వాగు. మీ దొడ్డి వెనకున్న వాగే. పందులు తాగిన నీళ్లే. మీ నాన్నకు నచ్చని సంగతి ఇంకోటుంది. నన్ను గొర్రెల కూటానికి తీసుకెళ్లు."

కొండమీద తప్పిపోయిన గొర్రెలను నవంబరులో మా లోయవాళ్లంతా పబ్బు వెనక దొడ్లోకి తోలుకొస్తారు. చెవి కోత, తుంటి మీద రంగు చూసి ఎవరి ఇంటిపేరు వాళ్లు పిలిచి తీసుకుంటారు. విల్ఫ్, నేను అవ్వను తీసుకెళ్లి, మా గొర్రెల కోసం వచ్చిన నాన్న పక్కనే కుర్చీ వేశాం.

"అమోస్, ఇల్లు చేతులు మారితే మంద ఎవరితో పోతుందిరా?"

"ఎవరితోనూ పోదు. మన కొండకు మరిగిన గొర్రెలవి. మనుషులు మారినా మంద ఇంటితోనే ఉంటుంది. తెలిసే అడుగుతావేం?"

"పేరూ అంతే. మా నాన్న జోసెఫ్ టైసన్ కూలికొచ్చాడు. అన్నదమ్ములు లేని గ్రిస్‌గిల్ ఆడపిల్ల మా అమ్మను చేసుకుని, ఈ దొడ్డి ముందే గ్రిస్‌గిల్ అని పిలిచి మందను తీసుకున్నాడు. నీ ఒంట్లో ఉన్నది ఆ కూలివాడి రక్తం. సిగ్గెందుకు? ఈ చలికి నిలబడ్డవాడు."

నాన్న ముఖం కందిపోయింది. చుట్టూ ఉన్న కాపరులు బూట్ల వైపు చూసుకుంటున్నారు.

"మీ అందరికీ తెలుసా?" అన్నాడు.

"నువ్వడగలేదు" అన్నాడు ఒకడు.

గెలిచానన్న సంతోషం నాకు కలగలేదు. ఆయన మీద జాలేసింది. అయినా విల్ఫ్ చెయ్యి వదల్లేదు.

దొడ్డి తలుపు దగ్గరి కాపరి కేకేశాడు. "ఎడమ చెవి కోత, తుంటి మీద ఎర్ర గీత. ఎవరిది?"

అది మా గుర్తే. ఏటా నాన్నే పిలిచేవాడు. ఈసారి విల్ఫ్ వైపు తిరిగాడు.

"పిలవరా."

"గ్రిస్‌గిల్" అన్నాడు విల్ఫ్ మెల్లగా.

"గట్టిగా. మా తాత అంత నంగిగా పిలిచి ఉండడు."

విల్ఫ్ గొంతెత్తి పిలిచాడు. కాపరి తలుపు తీశాడు.