రాయే కదా!

చుట్టాలతో ఒక చిక్కుంది. ఉత్త చేతులతో వస్తారు గానీ ఉత్త చేతులతో వెళ్లరు. పగడాల పరిశోధకుడి తోడల్లుడూ అంతే. ల్యాబు చూస్తానని వచ్చి, ఈయన టీ తెచ్చేలోపు తొట్టిలోని పగడపు కొమ్మని డబ్బాలో వేసుకుని చక్కాపోయాడు.

సముద్రం వేడెక్కి పగడాల దిబ్బంతా తెల్లబడి చస్తే, రంగు పోకుండా మిగిలింది ఆ కొమ్మ ఒక్కటే. దాని ముక్కలతోనే దిబ్బని మళ్లీ పెంచాలని ఈయన ఆశ.

ఫోన్ చేస్తే తోడల్లుడు నవ్వాడు. "రాయే కదా అన్నయ్యా! మా అక్వేరియంలో పెట్టా. సోఫా రంగుకి భలే కలిసింది!"

"రాయి కాదయ్యా, ప్రాణి!"

"ఊరుకోండి, ప్రాణి అయితే కదలదూ?"

భార్యతో చెప్పుకుంటే, "రాయి కోసం మా చెల్లి మొగుడితో గొడవా? పరువు పోతుంది" అంది. చిరిగిన తువ్వాలు పక్కింటివాళ్ల కంటబడకుండా గదిలోనే ఆరేసే మనిషి ఆవిడ.

పరిశోధకుడికి కడుపు మండిపోయింది. సముద్రం అడుగు నుంచి చిల్లులున్న రాయి ఒకటి తెచ్చాడు. ఒక చిల్లులో పిడిగుద్దుల రొయ్య కాపురం ఉంటోంది. వేలెడంతే గానీ ఒక్క గుద్దుకి నత్తగుల్ల పగలగొడుతుంది. పగడాన్ని మాత్రం ముట్టదు. రాయిని ఉప్పునీళ్ల బకెట్లో పెట్టి, బకెట్‌కి రిబ్బన్ కట్టి తోడల్లుడికి ఇచ్చాడు.

"ఏంటన్నయ్యా ఇది?"

"రాయే కదా తమ్ముడూ!"

కొన్నాళ్లకి అక్వేరియంలో నత్తలు పోయాయి, పీతలు పోయాయి, తోడల్లుడు ముద్దుగా పెంచుకునే నారింజ చేపలూ పోయాయి. మిగిలింది టప్ టప్ మనే చప్పుడు. పరిశోధకుడు వెళ్లి ఓదార్చి, ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాడు.

మొన్న తోడల్లుడు అక్వేరియంని వ్యాన్‌లో తెచ్చి ఈయన హాల్లోనే దించాడు. "మావల్ల కాదన్నయ్యా, మీరే ఉంచుకోండి. మీ కొమ్మ భద్రం. ఊగిపోతోందని మీరిచ్చిన రాయికే జిగురుతో అతికించేశా, సరిగ్గా చిల్లు పక్కన!"

కొమ్మ బతికే ఉంది. చెయ్యి పెడితే చిల్లులోంచి రెండు కళ్లు చూస్తున్నాయి. ఈయన బొటనవేలికి ఇప్పటికే కట్టు. మంచినీళ్లలో ముంచితే రొయ్య బయటికొస్తుంది గానీ పగడం చస్తుంది. రాయి పగలగొడితే కొమ్మ నుజ్జయిపోతుంది. పైగా భార్య, "ఏంటండీ ఆ టప్ టప్?" అని పొద్దస్తమానం అడుగుతోంది.

మీకు దణ్ణం పెడతాం, కొమ్మ ఈయనకి దక్కి, రొయ్య తోడల్లుడికి చేరే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పండి బాబూ. త్వరగా చెప్పండి. తోడల్లుడు కొత్త అక్వేరియం కొంటున్నాడట.