మోగని కాయ

"జెండా దించేదాకా మనం ఈ దేశంలో లేనట్టే," అన్నాడు హేమంత్, పసుపుపచ్చ గుడ్డని తాడుకి కట్టి పైకి లాగుతూ. "మనం ఒడ్డున కాలు పెట్టకూడదు. ఒడ్డు మీదివాళ్ళు మన పడవలో కాలు పెట్టకూడదు. ముందు అధికార్లు రావాలి, అంతా చూడాలి, పాస్‌పోర్టుల మీద ముద్ర కొట్టాలి."

"అంటే మీ అమ్మగారి మడి లాగన్నమాట," అంది లలిత.

"ముద్ర కొడితే ఇది వదులుతుంది. ఆవిడ మడి ఎప్పుడు వదులుతుందో ఆవిడకే తెలియాలి."

ఇద్దరూ నవ్వుకున్నారు. శ్రీలంకలో ట్రింకోమలీ రేవు. కాకినాడలో బయల్దేరాక వాళ్ళకి నేల కనిపించడం ఇదే మొదలు. హేమంత్ చాలా ఏళ్ళు వర్తక నౌకల్లో పనిచేసి మానేశాడు. మూలపడ్డ ఒక తెరచాప పడవని కొని, అంతర్వేది దగ్గర ఏటిగట్టున పెట్టి, పలకా పలకా మార్చి, 'వైనతేయ' అని పేరు పెట్టాడు. భార్యాభర్తలిద్దరే దాంట్లో పరాయి దేశం వెళ్ళి రావాలన్నది అతని పిచ్చి. లలిత మొదట తిట్టింది. తరవాత చుక్కాని పట్టడం నేర్చుకుంది.

ఆ పిచ్చికి కొమ్ము కాసినవాడు లలిత అన్నయ్య నరసింహమూర్తి. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. పడవకి టేకు పలకలు పంపించాడు, వడ్రంగుల్ని పంపించాడు. తల్లీ తండ్రీ లేని చెల్లెల్ని పెంచి, హేమంత్ కాళ్ళు కడిగి కన్యాదానం చేసింది కూడా ఆయనే. ప్రయాణం నాడు తనే వచ్చి చెల్లెలి ఒళ్ళో సారె పెట్టాడు. చీర, చలిమిడి, పసుపు కుంకుమలు, అయిదు కురిడీ కాయలు. అటక మీద నెలల తరబడి ఉంచితే లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా తయారవుతుంది. అదే కురిడీ.

"నాలుగు కాయలు నీ ఇష్టం తల్లీ," అన్నాడాయన. "గుడ్డలో చుట్టిన ఈ పెద్ద బొట్టు కాయ మాత్రం ట్రింకోమలీ గుళ్ళో కోణేశ్వరస్వామికి నా మొక్కు. నువ్వు ముట్టుకోకు. గుడ్డ విప్పకు. అక్కడ మనవాడొకడు రేవు దగ్గరికి వస్తాడు, అతని చేతికిచ్చెయ్యి. గుళ్ళో కొట్టిస్తాడు."

ఆవేళ పొద్దున్న ఫోనుకి సిగ్నల్ అందగానే ఆయనే చేశాడు.

"ఏమ్మా లల్లీ, చేరేరా?"

"ఆయ్, చేరేం అన్నయ్యా. ఇంకా దిగలేదు. ఆఫీసర్లు రావాలి."

"స్వామివారి కాయ జాగ్రత్తగా ఉందా?"

"కాయ బాగానే ఉంది. నేనెలా ఉన్నానో అడగవేం?"

"నీకేమమ్మా, పక్కన కెప్టెనున్నాడు," అని నవ్వేశాడు.

అధికార్ల లాంచీ వచ్చి పక్కన ఆగింది. ఇద్దరు ఎక్కారు. ఇమ్మిగ్రేషన్ కుర్రాడు సంచీ విప్పి ముద్రలు బల్ల మీద సర్దుకున్నాడు. కస్టమ్స్ అధికారి పెద్దవాడు, నుదుట విభూది, ముక్కు చివర కళ్ళజోడు. ఇంగ్లీషులో నెమ్మదిగా మాట్లాడుతున్నాడు.

"కెప్టెన్, ఒక్క మాట. మందులు, మద్యం, మొక్కలు, కాయలు, ఏదున్నా మీరుగా చెప్పండి. మీరు సంతకం పెట్టేలోపు చెప్తే మీ నిజాయితీ. సంతకం అయ్యాక నాకు దొరికితే మీ నేరం. పడవలో ఎవరు పెట్టారన్నది మా చట్టానికి అనవసరం. పడవ మీది, నేరం మీది."

"నాకు తెలుసండి," అన్నాడు హేమంత్. "మూడు బ్రాందీ సీసాలు, మందుల పెట్టె. కూరలు నిన్ననే అయిపోయాయి. ఇంకా... లలితా, కాయలు చూపించు."

లలిత సారె బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. అధికారి కళ్ళజోడు తీసి చూశాడు.

"మా దేశానికి కొబ్బరికాయలు తెచ్చావా అమ్మా? సముద్రానికి ఉప్పు తేలేదా?"

ఇమ్మిగ్రేషన్ కుర్రాడు కిసుక్కున నవ్వాడు.

"మా పుట్టింటివాళ్ళు పెట్టిన సారె అండి," అంది లలిత, సారె అంటే ఏమిటో తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పి. "ఇందులో ఒకటి కోణేశ్వరానికి మొక్కు."

"శివుడి కాయ నేనెలా లాక్కుంటాను? కానీ పచ్చికాయ రానివ్వకూడదు. తెగుళ్ళొస్తాయి. మా తోటలు పోతాయి."

"పచ్చివి కావండి, కురిడీలు. వినండి."

ఒక కాయ తీసి ఆయన చెవి దగ్గర ఊపింది. లోపల కొబ్బరిగుండు చిప్పకి తగిలి గుడగుడమంది. రెండోది ఊపింది. అదీ అంతే. చిన్నప్పుడు కొట్లో కూచుని ఇలాగే ఊపి, ఎండినవాటిని ఒక రాశి, ఎండనివాటిని ఒక రాశి పోసేది.

"చాలు చాలు," అన్నాడాయన. "ఇవి ఉంచుకో. మీ కాయలు కబుర్లు చెప్తున్నాయి."

ఆయనా, ముద్రలు తీసుకుని కుర్రాడూ హేమంత్‌తో కలిసి ముందు గదిలోకి వెళ్ళారు. లలిత కాయల్ని బుట్టలో సర్దడం మొదలుపెట్టింది. చేతికి అలవాటైన పని. ప్రతి కాయనీ చిన్నగా ఊపి పెడుతోంది. మూడోది మోగింది. నాలుగోది మోగింది. పెద్ద బొట్టు కాయ మీద గుడ్డ జారింది.

ఊపింది.

మోగలేదు.

మళ్ళీ ఊపింది. లోపల నీళ్ళు కదిలే చప్పుడు లేదు. గుండు దొర్లే చప్పుడు లేదు. ఇటుకముక్కలా ఉంది. కొబ్బరికాయ అన్నాక పచ్చిదైనా, ఎండుదైనా, కుళ్ళినదైనా ఏదో ఒకటి అనాలి. ఏమీ అనని కాయని ఆ కొట్లో ఆమె ఎప్పుడూ చూడలేదు.

పిలక పక్కన కుంకుమ దట్టంగా మెత్తి ఉంది. గోరుతో గీకింది. కుంకుమ రాలాక కన్ను ఉండాల్సిన చోట మైనం తగిలింది. ఇంకొంచెం గీకితే నల్లటి జిగురు గోటికంటుకుంది. వాసన చూసింది. గంజాయి చుట్టల వాసన, దానికి పదింతలు ఘాటుగా.

చుట్టూ చూసింది. పడవ పక్కన లాంచీ. లాంచీలో ఒక మనిషి కూచుని ఇటే చూస్తున్నాడు. నీళ్ళలో వెయ్యడానికి లేదు.

ఫోను తీసింది. రెండో రింగుకే ఎత్తాడు.

"ఏమ్మా, అయిపోయిందా? దిగేరా?"

ముందు గది తలుపు తీసే ఉంది. అధికారి తలెత్తి చూశాడు. లలిత నవ్వుముఖం పెట్టింది. ఆయనా నవ్వి తలాడించాడు. ఇంటికి క్షేమసమాచారం చెప్పుకుంటోందనుకున్నాడు.

"అన్నయ్యా," అంది, ఆ నవ్వు అలాగే ఉంచి, "స్వామివారి కాయ మోగట్లేదేమిటి?"

అటువైపు ఎక్కడో లారీకి కాయలెత్తుతున్న కేకలు వినిపిస్తున్నాయి.

"గుడ్డెందుకు విప్పేవు? ముట్టుకోవద్దని చెప్పేనా లేదా?"

"అదేమిటో నీకు తెలుసన్నమాట."

"ఒక్క కాయే కదమ్మా. ఇది చేరితే తరవాత ఈ సరుకిచ్చినవాళ్ళ దారి వాళ్ళది, నా దారి నాది. వాళ్ళెలాంటివాళ్ళో నీకు తెలీదు. నన్ను బతకనివ్వరు."

"ఆఫీసరు ఇక్కడే ఉన్నాడన్నయ్యా. రెండడుగుల దూరంలో."

"అయితే పైకి ఏం తేలనివ్వకు. కాయ బుట్టలో పెట్టెయ్యి. సారె బుట్టలో ఎవడూ చెయ్యి పెట్టడు, అందుకే కదా..." ఆగాడు.

"అందుకే కదా, ఏమిటి?"

"లల్లీ, విను. ఒకవేళ దొరికినా నీకేం కాదు. అది కనుక్కున్నాకే ఇచ్చేను, నా మీదొట్టు. నువ్వు ప్రయాణికురాలివి, అంతే. నాకేం తెలీదను. పడవ హేమంత్ పేరున ఉంది. ఏదొచ్చినా అతని మీదికే వస్తుంది. షిప్పుల్లో చేసినవాడు, అతనే ఏదో చూసుకుంటాడు."

లలిత ముఖం మీద ఆ నవ్వు ఇంకా అలాగే ఉంది. అది తియ్యడం మర్చిపోయింది.

"ఆయన కాళ్ళు కడిగేవు నువ్వు," అంది.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా..."

ఫోను కట్టేసింది.

లోపల అధికారి కాగితం తిప్పి హేమంత్ ముందు పెట్టాడు. "మీరు చెప్పినవి తప్ప ఇంకేమీ లేవని. ఇక్కడ."

హేమంత్ కలం మూత తీశాడు. ఎప్పటిలా ఎడమచేత్తో కాగితం సాపు చేసుకుని వంగాడు. లలిత గుమ్మంలోకి వచ్చింది. కాయ చేతిలో ఉంది. నోరు మూసుకుంటే ఆ కాయ రేవు దాటిపోతుంది. అన్నయ్య బతుకుతాడు. దాటకపోతే ఈ మనిషి ఎన్నేళ్ళు జైల్లో ఉంటాడో. నోరు విప్పితే ఒళ్ళో కూచోబెట్టుకుని అన్నం తినిపించిన వాడి పేరు ఈ పరాయివాళ్ళ ముందు తన నోటితో చెప్పాలి.

కలం కాగితానికి ఆనింది.

"ఆగండి!"

తెలుగులోనే అరిచింది. అయినా ముగ్గురూ ఆగిపోయారు. వెళ్ళి హేమంత్ చేతి కింద నుంచి కాగితం లాగేసింది. కాయ అధికారి ముందు పెట్టింది.

"దీన్ని కూడా చెప్తున్నానండి. సంతకం అవ్వలేదు. ఇది కాయ కాదు. లోపల గంజాయి జిగురు ఉంది."

"లలితా!" అన్నాడు హేమంత్. "ఏం మాట్లాడుతున్నావు?"

అధికారి హేమంత్‌ని చూడలేదు. కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని, ఇందాక లలిత ఊపినట్టే ఊపాడు. ముఖంలో ఇందాకటి సరదా పోయింది. లాంచీలో మనిషికి తమిళంలో ఏదో చెప్పాడు. ఇమ్మిగ్రేషన్ కుర్రాడు ఎత్తిన ముద్రని మెల్లిగా కింద పెట్టేశాడు.

"నీకెవరిచ్చారు?"

"మా అన్నయ్య."

"పేరు?"

చెప్పింది. ఇంటిపేరుతో సహా చెప్పింది. ఊరు చెప్పింది. రేవులో ఒకడు కాయ కోసం వస్తాడని చెప్పింది. అంబాజీపేటని ఇంగ్లీషు అక్షరాల్లో ఆయనకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం కళ్ళు తుడుచుకుంది.

పడవకి తాళం వేసి సీలు పెట్టారు. "మీరు ముందుగా చెప్పారని రాస్తాను," అన్నాడు అధికారి. "మిగతాది నా చేతుల్లో లేదు. విచారణ అయ్యేదాకా ఇద్దరూ మా దగ్గరుండాలి." మోగిన నాలుగు కాయలు కూడా తీసుకుపోతుంటే లలిత అడ్డు చెప్పలేదు.

లాంచీలో ఇద్దరినీ పక్కపక్కన కూచోబెట్టారు. అధికారి చేతిలో ప్లాస్టిక్ సంచీలో ఉన్న లలిత ఫోను వెలిగింది. 'అన్నయ్య' అని వచ్చింది. ఆగింది. మళ్ళీ వెలిగింది. ఆయన సంచీ ఎత్తి మాట్లాడతావా అన్నట్టు చూశాడు. తల అడ్డంగా ఊపింది.

హేమంత్ చాలాసేపు 'వైనతేయ' వైపే చూస్తూ కూచున్నాడు. పసుపు జెండా ఇంకా దించలేదు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు, ఆమెని చూడకుండా.

"కాయ ఊపినప్పుడు."

"ఊపి, వెంటనే ఫోను చేసేవు. బావగారికి."

ఆమె గోటికంటిన నల్లటి జిగురు తుడుచుకుంటోంది.

"నేను పక్క గదిలోనే ఉన్నాను లలితా. ఆ తలుపు తీసే ఉంది."

"ఆయన కాదంటాడనుకున్నానండీ. నాకేం తెలీదమ్మా, ఎవడో నా కాయ మార్చేశాడు, అంటాడనుకున్నాను."

"అని ఉంటే?"

లాంచీ జెట్టీకి తగిలి ఒక్క కుదుపు కుదిపింది. ఎవరో తాడు విసిరారు.

"నమ్మేసేదాన్ని," అంది లలిత.

హేమంత్ లేచాడు. దిగడానికి ఆమెకి చెయ్యి అందించాడు. చెయ్యి పట్టుకున్నాడు గానీ ముఖంలోకి చూడలేదు.